బయటికి రాని కెమెరా

నా ఒంట్లో నెత్తురు తగ్గిపోతోందని మొదట కనిపెట్టింది డాక్టరు కాదు, మా ఆఫీసు డ్రైవరు. రోజూ పొద్దున్నే ఈ గల్ఫ్ ఊళ్ళో అల్ ముంతజాలో నన్నూ, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఇంకో ఇద్దరినీ ఎక్కించుకుని ఆఫీసు దగ్గర దించుతాడు. జగిత్యాల వైపు మనిషి. వెనక సీట్లో ఆడవాళ్ళున్నారంటే అద్దంలోకి కూడా చూడడు. అలాంటివాడు ఒకరోజు సిగ్నల్ దగ్గర బండి ఆగినప్పుడు వెనక్కి తిరిగి, “మేడం, ఏమనుకోకుండ్రి. మీ మొఖంల నెత్తురే లేదు. ఒక్కసారి దవాఖానకు పోయి సూపెట్టుకోండ్రి,” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. “నీ రోడ్డు నువ్వు చూసుకో బాబూ,” అన్నాను. చూసుకున్నాడు. ఆఫీసు దగ్గర దిగేటప్పుడు నేను తలుపు పట్టుకుని కాసేపు నిలబడాల్సి వచ్చింది. అదీ చూశాడు.

ఆయాసం నాకు అప్పటికే కొన్ని నెలలుగా ఉంది. ఆఫీసులో నా పని ఇంజనీర్లు పంపే డ్రాయింగులకు నంబర్లు వేసి, పాతవి తీసేసి, కొత్తవి దాచడం. రెండో అంతస్తులోని గదికి మెట్లెక్కితే పైన ఎవరో నన్ను పట్టుకుని ఊపుతున్నట్టుండేది. మా చర్చి శుక్రవారం ఆరాధనకు వచ్చే ఆడవాళ్ళకు చెబితే అందరూ ఒకే పాట. “ఆడవాళ్ళకి రక్తం తక్కువే ఉంటుందండీ. బీట్‌రూట్ తినండి. ఖర్జూరాలు తినండి.” యాభై రెండేళ్ళ దాన్ని, నెలసరి ఆగిపోయిన నాకింకా ఆ లెక్కేమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఖర్జూరాలకు ఈ దేశంలో కరువేముంది, గిన్నెడు పెట్టుకుని తిన్నాను.

చివరికి ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు. డాక్టరు ఈజిప్టు ఆయన, నెరిసిన గడ్డం, మెత్తటి గొంతు. నా కంటి కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసి, లోపల తెల్లగా ఉందంటూ చాలాసేపు వదల్లేదు. తర్వాత తడుముకోకుండా ఇంగ్లీషులో అడిగాడు, మోషన్ ఏ రంగులో అవుతోందని. నాకు సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి. పెళ్ళయిన ఆరేళ్ళకే పోయిన మా ఆయన కూడా నన్ను ఆ మాట ఏనాడూ అడిగి ఎరగడు. నల్లగా అవుతోందని గోడ వైపు చూస్తూ చెప్పాను. ఖర్జూరాల వల్ల అనుకున్నానని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. నెత్తురు కడుపులో ఎక్కడో కారి, దారిలో నల్లబడి బయటికి వస్తోందన్నాడు.

ఆ రోజే మంచం మీద పడుకోబెట్టి రక్తం ఎక్కించారు. నర్సు అడిగింది, అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలని. అక్క నంబరిస్తే గోదావరి గట్టు మీద ఉన్న మనిషి గుండె ఆగిపోతుంది తప్ప వచ్చి చేసేదేమీ లేదు. గదిలో నాతో ఉండే ఫిలిప్పీన్స్ అమ్మాయి సెలూన్‌లో పని చేస్తుంది, ఆమె వచ్చేసరికి నేను నిద్రపోతాను, నేను వెళ్ళేసరికి ఆమె నిద్రపోతుంది. ఇద్దరం ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకుని కాపురం చేస్తున్నాం. ఆరాధనలో వాళ్ళకు చెబితే ప్రార్థన అంశంగా మారి ఊళ్ళో అక్కదాకా పోతుంది. కాసేపు ఆలోచించి డ్రైవరు నంబరిచ్చాను. పద్దెనిమిదేళ్ళుగా ఒక దేశంలో ఉండి, ఆపదలో పిలవడానికి నాకు దొరికిన మనిషి ఆయన. ఆ సాయంత్రం ఆ మంచం మీద ఏడ్చాను.

అక్క సంగతి చెప్పాలి. అక్కకు నాకంటే ఆరేళ్ళు ఎక్కువ. ఊళ్ళో బట్టలు కుడుతుంది. రోజూ నాతో వీడియోలో మాట్లాడుతుంది గానీ ఆవిడ మొహం నాకు కనిపించదు. ఫోన్‌ను కుట్టు మిషన్‌కు ఆనించి పెడుతుంది, నాకు కనిపించేది తిరిగే ఫ్యానూ, అప్పుడప్పుడూ సగం నుదురూ. ఎన్నిసార్లు చెప్పినా ఇప్పటికీ అంతే. వినడానికి మాత్రం మిషన్ చప్పుడుతో సహా అన్నీ వినిపిస్తాయి.

ఊరి నుంచి ఎవరు సెలవు ముగించుకుని తిరిగి వస్తున్నా వాళ్ళ పెట్టెలో నాకోసం కాస్త చోటు అడిగి పార్సిల్ పంపిస్తుంది. ఇక్కడ అందరిదీ అదే పద్ధతి. శుక్రవారం ఆరాధన అయ్యాక వరండాలో నిలబడి ఒకరి మూటలు ఒకరికి అందించుకుంటాం. మా అక్క మూట దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. దేనికీ ప్లాస్టిక్ కవరు వాడదు, జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో సంచులు కుట్టి, మూతికి లంగా బొందు లాంటిది దూర్చి లాగి కడుతుంది. పువ్వుల గుడ్డలో ఎండు రొయ్యల పొడి. గీతల గుడ్డలో కందిపొడి. అన్నిటికంటే చిన్నది, నీలం పట్టు ముక్కతో కుట్టింది, మోకాళ్ళ బిళ్ళలు. పూతరేకుల డబ్బా వీటన్నిటి మధ్య పదిలంగా వస్తుంది. ఆ మూట విప్పిన రోజు మా గది కాసేపు మా వీధిలా వాసన వేస్తుంది.

రక్తం ఎక్కించాక పైనుంచి ఒక గొట్టం, కిందనుంచి ఒక గొట్టం వేసి చూశారు. రెండు చోట్లా శుభ్రంగా ఉందన్నారు. సంతోషించాను. రెండు నెలలు తిరగకుండానే మళ్ళీ అదే ఆయాసం, మళ్ళీ అదే రెప్ప తెల్లదనం. అడుగున చిల్లు పడ్డ బిందెలో నీళ్ళు పోసినట్టయింది. మళ్ళీ ఎక్కించారు. ఈసారి డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. పై గొట్టం ఇక్కడిదాకా పోతుంది, కింది గొట్టం ఇక్కడిదాకా వస్తుంది, మధ్యలో ఉన్న చిన్నపేగు ఇంత పొడుగు, అక్కడికి రెండూ చేరవు. అందుకని కెమెరా ఉన్న గొట్టంబిళ్ళ ఒకటి మింగాలన్నాడు. అది పేగులతో పాటు కదులుతూ ఫోటోలు తీస్తుంది.

“అందులోనూ కనపడకపోతే?” అన్నాను.

కడుపు తెరిచి వెతకాల్సి రావచ్చు అన్నాడు.

కత్తి అంటే నాకు అంత భయం లేదు. మా ఆయన పోయినప్పుడు ఆపరేషన్ గది బయట కుర్చీలో నేను కూర్చున్నాను. రేపు నన్ను లోపలికి తీసుకెళితే ఆ కుర్చీలో కూర్చునే మనిషి లేదు. నా భయమంతా ఆ ఖాళీ కుర్చీ గురించే. కెమెరాకు ఏదో ఒకటి కనపడాలి ప్రభువా అని రోజూ మోకాళ్ళ మీద పడి ప్రార్థించాను.

ఏయే మందులు వాడుతున్నానని డాక్టరు మళ్ళీ అడిగాడు. ఐరన్, విటమిన్ డి అన్నాను. నొప్పి మందులు? లేవన్నాను. గట్టిగా చెప్పాను కూడా. మందులంటే నాకు ఫార్మసీలో కొని, పేరున్న అట్టపెట్టెలో వచ్చేవి.

కెమెరా రోజు పరగడుపున వెళ్ళాను. అంతకు ముందు రోజంతా పేగులు కడిగే నీళ్ళు తాగి తాగి నీరసంగా ఉన్నాను. నర్సు మలయాళీ అమ్మాయి, నాతో హిందీలో మాట్లాడుతుంది. పొట్టమీద తీగలున్న పట్టీ చుట్టి, నడుముకు చిన్న పెట్టె కట్టింది. బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దగా, మెరిసే బిళ్ళ అరచేతిలో పెట్టింది. అది అప్పుడే టపటపా మిణుకుతోంది. నీళ్ళతో మింగేశాను. ఇంత పెద్దది దిగుతుందా అనుకున్నాను గానీ రొయ్యల పొడి ముద్దకంటే తేలిగ్గా దిగింది.

“ఇంటికి వెళ్ళండి ఆంటీ, సాయంత్రం వచ్చి పెట్టె ఇచ్చెయ్యండి. లైటు వెలుగుతోందో లేదో చూసుకుంటూ ఉండండి,” అంది.

గదికి వచ్చాను. ఫిలిప్పీన్స్ అమ్మాయి డ్యూటీకి వెళ్ళిపోయింది. మంచం మీద కూర్చుని నడుము దగ్గర మిణుకుతున్న లైటు చూస్తూ గడిపాను. నాలోపల అది ఫోటో మీద ఫోటో తీస్తోంది. నా మొహం ఫోటో తీసి ఎన్నాళ్ళయిందో లెక్కేసుకుంటే, రెసిడెన్సీ కార్డు కోసం తీయించుకున్నదే చివరిది. నవ్వొచ్చింది. నవ్వితే పంచుకోవడానికి పక్కన ఎవరూ లేరు. ఒంటరిగా నవ్వడం ఒంటరిగా ఏడవడంకంటే కష్టంగా అనిపించింది ఆ రోజు.

మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. ఆఫీసుకు వెళ్ళలేదేమని అడుగుతుందని పట్టీ కనపడకుండా శాలువా కప్పుకుని ఎత్తాను. ఎప్పటిలాగే ఫ్యాను.

“ఏంటే, గొంతు అలా ఉంది?” అంది.

“ఎండలక్కా. నీ గొంతూ అలాగే ఉంది.”

“వయసే. మిషన్ నాలుగు కుట్లు తొక్కితే ఆయాసం వచ్చేస్తోంది. మొన్న ఆదివారం గుడి మెట్ల మీద కూర్చుండిపోయాను. పాస్టరమ్మగారు నీళ్ళు తెచ్చారు. సరేగానీ, పై నెల మనవాళ్ళు ఎవరో వస్తున్నారంట, నీ బిళ్ళలు అయిపోయాయా?”

“ఇంకా కొన్ని ఉన్నాయక్కా.”

“మోకాళ్ళు ఎలా ఉన్నాయి?”

“ఆ బిళ్ళ వేసుకుంటే బాగానే ఉంటాయి,” అన్నాను. నిజమే చెప్పాను.

సాయంత్రం పెట్టె ఇచ్చేశాను. ఇక మిగిలింది కెమెరా బయటికి రావడం. వచ్చిందో లేదో నేనే చూసుకోవాలి. ఎలా చూసుకోవాలో నర్సు చెప్పింది, అది ఇక్కడ రాయలేను. పిండి జల్లెడ ఒకటి కొత్తది కొని, బాత్రూంలో పెట్టి, “దయచేసి దీన్ని వంటకు వాడవద్దు” అని ఫ్రిజ్ మీద చీటీ అంటించాను. మర్నాడు కింద ఆ అమ్మాయి జవాబు, “ఎందుకు?” అని. ఏం రాయాలో తెలియక చీటీ చింపేశాను. తర్వాత జల్లెడ పక్కన చిన్న సబ్బు, కొత్త చేతి గ్లౌజుల పెట్టె కనిపించాయి. ఆమెకు ఏం అర్థమైందో, ఎలా అర్థమైందో నాకు తెలీదు. మేం దాని గురించి ఏనాడూ మాట్లాడుకోలేదు.

ఒక వారం చూశాను. ఇంకో వారం చూశాను. కెమెరా రాలేదు. ఎక్స్‌రే తియ్యాలని పిలిచారు. డ్రైవరే తీసుకెళ్ళాడు, పార్కింగ్‌లో ఉంటానన్నాడు.

ఎక్స్‌రేలో అది స్పష్టంగా కనిపించింది, నా బొడ్డుకు కుడి పక్కన, మెరుస్తూ. కదల్లేదు. డాక్టరు పిలిచేదాకా బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల ఇరుక్కుందంటే ఇక కొయ్యడమేనని నాకు అర్థమైపోయింది. కూర్చుంటే మోకాళ్ళు లాగుతున్నాయి, భయానికో నొప్పికో తెలీదు. అలవాటు ప్రకారం చేతి సంచిలోంచి నీలం పట్టు సంచి తీసి, బొందు వదులు చేసి, గులాబీ రంగు బిళ్ళ ఒకటి నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను.

ఎదురుగా వస్తున్న నర్సు ఆగిపోయింది.

“ఆంటీ, క్యా ఖాయా?”

“ఏం లేదమ్మా, ఇంటి నుంచి వచ్చింది. మోకాళ్ళకు,” అన్నాను, పచ్చడి గురించి చెప్పినట్టు.

ఆమె చెయ్యి చాపింది. సంచి ఇచ్చాను. ముడి పూర్తిగా విప్పి అరచేతిలో పోసుకుంది. విడి బిళ్ళలు, ఏ అట్టా లేదు, ఏ పేరూ లేదు. మా వీధి ఆరెంపీ డాక్టరు పెద్ద డబ్బాలోంచి లెక్కపెట్టి పొట్లం కడతాడు, అక్క సంచిలో పోస్తుంది. రోజూ పొద్దున మంచం దిగేముందు ఒకటి వేసుకుంటున్నానని చెప్పాను. ఎన్నాళ్ళుగా అని అడిగింది. ఏళ్ళుగా అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. సంచి పట్టుకుని నేరుగా డాక్టరు గదిలోకి వెళ్ళింది, నేను వెనకాలే వెళ్ళాను.

డాక్టరు బిళ్ళను దీపం కింద తిప్పి, దానిమీద చెక్కిన అక్షరాలు చదివి, కంప్యూటర్లో వెతికాడు. తర్వాత తెరను నా వైపు తిప్పాడు. అది బిళ్ళ బొమ్మ కాదు, కెమెరా తీసిన నా పేగు. గులాబీ రంగు సొరంగం, మధ్యలో గుండ్రంగా తెల్లటి మడత, దాని అంచున ఎర్రగా నెత్తురు చెమ్మ. మూతి బొందు లాగి బిగించినట్టు పేగు అక్కడ సన్నబడిపోయింది. ఆ చిన్న రంధ్రం దగ్గరే కెమెరా ఆగిపోయింది. అలాంటి మడతలు ఇంకో రెండున్నాయి. ఇలా ఉంగరంలా బిగిసిన మడతలకు నొప్పి బిళ్ళలే ఎక్కువసార్లు కారణమన్నాడు. మీరు లేవన్నారు కాబట్టి కేన్సరేమో, ఇంకేదో జబ్బేమో, కొయ్యాలేమో అని ఆలోచిస్తున్నానన్నాడు. నొప్పి మందులు వాడతారా అని అడిగాను కదా మేడం అని మెల్లగా అన్నాడు.

“ఇవి మందులు కావు, మా అక్క పంపింది,” అన్నాను. నా నోటినుంచి వచ్చిన ఆ మాట నాకే వినిపించింది.

కెమెరా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కొయ్యలేదు. బిళ్ళలు మానిపించి, కొన్నాళ్ళయ్యాక పొడుగాటి గొట్టం ఒకటి పంపి, ఆ మడతను మెల్లగా సాగదీసి, దాంతోనే కెమెరాను పట్టి బయటికి తీశారు. ముక్క తీసి పరీక్షిస్తే కేన్సర్ ఏమీ లేదన్నారు. ఆ రోజు ఆపరేషన్ గది బయట కుర్చీలో ఫిలిప్పీన్స్ అమ్మాయి కూర్చుందని తర్వాత డ్రైవరు చెప్పాడు. ఆయనే ఫోన్ చేసి పిలిచాడట.

బిళ్ళలు దొరికిన ఆ పూట మాత్రం డాక్టరు గదిలోంచి తేలికపడి బయటికి వచ్చాను. కొయ్యరు. నెత్తురు ఎక్కడికి పోతోందో తెలిసింది. పార్కింగ్‌లో ఎండ మండిపోతోంది. డ్రైవరు బండి స్టార్ట్ చేసి ఏసీ పెంచాడు.

“ఏమన్నరు మేడం?”

“నొప్పి బిళ్ళల వల్లనంట. మా ఊరి నుంచి వచ్చేవి.”

“గా బిళ్ళలా? మా క్యాంప్ల గూడ అందరు ఏస్కుంటరు మేడం. సెలవు పోయినోళ్ళు తెస్తరు. మా ఇంట్లోళ్ళయితే ఈడ ఎండకు నొప్పులైతయని కట్టిచ్చి పంపుతరు.” గేరు వెయ్యబోతూ అన్నాడు, “ఇంటికాడ ఆళ్ళు గూడ గవే ఏస్కుంటరు.”

నా చెయ్యి సీటు బెల్టు మీదే ఆగిపోయింది. అక్కకు మోకాళ్ళ నొప్పులు నాకంటే ముందు వచ్చాయి. ఆ ఆరెంపీ దగ్గరికి ముందు వెళ్ళింది తను. నాకు గుణమిచ్చిందని కాదు, తనకు గుణమిచ్చిందని నాకు పంపడం మొదలెట్టింది. నాలుగు కుట్లకే ఆయాసం. గుడి మెట్ల మీద కూర్చుండిపోవడం. వయసే అనడం.

“ఆగు బాబూ, బండి తియ్యకు,” అని అక్కకు వీడియో కాల్ చేశాను. వెంటనే ఎత్తింది. ఫ్యాను. మిషన్ చప్పుడు.

“ఏంటే ఈ వేళప్పుడు?”

“అక్కా, నీకు మోషన్ ఏ రంగులో అవుతోంది?”

మిషన్ ఆగింది.

“ఛీ, ఏం మాటలే అవి? పక్కన ఎవరైనా ఉన్నారేమో చూసుకో.”

“డ్రైవరున్నాడు. చెప్పు.”

ముందు సీట్లో డ్రైవరు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

“నల్లగా,” అంది అక్క, బాగా తగ్గిన గొంతుతో. “నీకెవరు చెప్పారే?”

“ఫోన్ చేతిలోకి తీసుకో. మొహం దగ్గరికి పెట్టు. ఇంకా దగ్గరికి. కంటి కింది రెప్ప వేలితో కిందికి లాగు.”

“నా కంటికేం? శుభ్రంగా కనిపిస్తోంది,” అంటూనే చెప్పినట్టు చేసింది. తెర నిండా అక్క కన్ను వచ్చింది. దాని చుట్టూ ముడతలు, నేను ఎరగనివి. పక్కన నెరిసిన వెంట్రుక ఒకటి. లాగిపట్టిన రెప్ప లోపల ఎరుపన్నదే లేదు. ఉతికి ఆరేసిన లైనింగ్ గుడ్డలా ఉంది. ఇన్నేళ్ళలో అక్క మొహాన్ని నేను అంత దగ్గరగా చూడటం అదే.

“ఏం కనపడిందే? మాట్లాడవేం?”

“బిళ్ళ వేసుకున్నావా ఇవాళ?”

“వేసుకోకపోతే మిషన్ ఎక్కగలనా? నీకూ పోసేశాను సంచిలో. పొద్దున్నుంచీ అదే పని. బొందు దూర్చడమే మిగిలింది.”

“దూర్చకక్కా,” అన్నాను.